తొంభై ఫ్రేములు, ఒక ఖాళీ రేవు

ఆ రోజుల్లో నాకు ఒంటరితనం అనేదొకటి ఉంటుందని తెలియదు. సాయంత్రమయ్యేసరికి గుండెల్లో ఏదో బరువుగా ఉంటే, అది కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు చాలకపోవడం వల్లేననుకునేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు మనిషికి అలాంటి ధైర్యం ఒకటి ఉంటుంది. ఏ బాధకైనా సెట్టింగ్స్‌లో ఎక్కడో ఒక మందు ఉండే ఉంటుందని. అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను. కంపెనీ బెంగుళూరులో ఉంది. నేను దాన్ని చూడలేదు, అది నన్ను చూడలేదు. (చేరిన రోజున లాప్‌టాప్ మాత్రం కొరియర్‌లో వచ్చింది, అత్తారింటి సారెలాగ అట్టపెట్టెలో పొందిగ్గా సర్దుకుని.) మా ఊరు కోటవురట్ల అవతల. అక్కడ చెరుకు బాగా పండుతుంది, ఇంటర్నెట్ పండదు. అందుకని అనకాపల్లి వచ్చి, బెల్లం మార్కెట్టు వెనక సందులో ఒక మేడ మీది గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటివాళ్లు ఉండేవారు, వాళ్లని బాబాయి, పిన్ని అని పిలిచేవాణ్ణి. బాబాయి మార్కెట్లో బెల్లం దిమ్మల వేలం దగ్గర పని చేసేవాడు, పొద్దున్నే వెళ్లిపోయి ఒళ్లంతా బెల్లం వాసనతో తిరిగొచ్చేవాడు. పిన్ని ఇంట్లోనే ఉండి సందులో ఎవరు వచ్చారో ఎవరు వెళ్లారో కనిపెట్టేది. నేను మాత్రం ఎటూ వెళ్లేవాణ్ణి కాదు, నా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. కనుక నా విషయంలో ఆవిడకి పనే ఉండేది కాదు. పొద్దున్నుంచి మీటింగుల్లో నలుగురితో మాట్లాడేవాణ్ణి గానీ, అందరం కెమెరాలు ఆపేసుకునేవాళ్లం. మొహాలు లేని పేర్లతో రోజంతా మాట్లాడి కిందికి దిగితే, టీ కొట్టతను "పంచదార తక్కువెయ్యాలా?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నకే అతన్ని కావలించుకోవాలనిపించేది.

ఇక్కడ బావ గురించి చెప్పాలి. బావంటే నాకు వరసకి బావేమీ కాదు, ఇంజనీరింగ్ హాస్టల్లో పక్క మంచం. మా వైపు ఇద్దరు మగాళ్లు బస్టాపులో కాసేపు పక్కపక్కన నిలబడితే, బస్సు వచ్చేలోగా బావో మామో అయిపోతారు. అలాంటిది చదువు అయ్యేదాకా ఒకే బకెట్టుతో స్నానాలు చేసినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? మాడుగుల మనిషి, తాటిచెట్టంత పొడుగు, నవ్వితే పక్క గదివాళ్లు లేచేవారు. వాడికి పూణేలో ఉద్యోగం వచ్చింది. మొదట్లో రోజూ ఫోన్ చేసుకునేవాళ్లం, తర్వాత ఆదివారాలు, ఆ తర్వాత పండగలకి. ఒకరోజు వాడే ఫోన్ చేసి, "ఒరే బావా, ఫోన్లో ఎంతకని మాటాడతాం? తిన్నావా, తిన్నాను, ఆఫీసెలగుంది, అలగే ఉంది. అయిపోయింది కబురు. నువ్వు కూడా ఆ కళ్లకి పెట్టుకునే డబ్బా ఒకటి కొనీరా. అందులో ఒక ఆట ఉంది. ఆటంటే ఆట కూడా కాదు, ఒక రేవు. సాయంత్రం పూట పక్కపక్కన కూకుందుం. మాటాడకపోయినా పర్వాలేదు," అన్నాడు. ఆ చివరి మాటకి నేను పడిపోయాను. మాట్లాడకుండా పక్కన కూర్చునే మనిషి దొరకడం ఎంత కష్టమో, రోజంతా మాట్లాడే ఉద్యోగం చేసేవాడికి తెలుస్తుంది.

డబ్బా వచ్చింది, హాస్టల్ రోజుల్నాటి నా సొంత కంప్యూటర్‌కి తగిలించాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వీఆర్ హెడ్‌సెట్ అంటే కళ్లని పూర్తిగా మూసేసే ఒక డబ్బా, దానికి తోడు చేతుల్లో పట్టుకోడానికి రెండు పిడులు. తల ఎటు తిప్పితే అటువైపు లోకం కనిపిస్తుంది. మొదటిసారి పెట్టుకున్నప్పుడు నేను నిజంగానే నోరు తెరిచేశాను. (ఈగ దూరింది. బెల్లం మార్కెట్టు పక్కన నోరు తెరవకూడదు.) ఎదురుగా సముద్రం, దాని మీదికి సాగిన చెక్క రేవు, రేవు మీద మనుషుల బొమ్మలు. ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్లో. గాలాలు వేసుకుని చేపలు పడుతున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు. పెద్ద టోపీ పెట్టుకున్న ముసలాయన బొమ్మ ఒకటి, వచ్చిన ప్రతివాడికీ చెయ్యి ఊపుతూ ఉండేది. బావ తన బొమ్మని పొట్టిగా, బొద్దుగా, బారు మీసాలతో చేయించుకున్నాడు. (పొడుగు మనిషికి అదొక ముచ్చట.) "ఇదిగో, ఇక్కడ కూకో," అని పక్కన చెక్క మీద తట్టాడు. నేను గదిలో నేల మీద చతికిలబడ్డాను, అక్కడ రేవు అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. ఉప్పుగాలి కూడా తగిలినట్టే అనిపించింది. అప్పుడు సముద్రం ఆగిపోయింది. ఒక అల సగం లేచి అలాగే నిలబడింది. బావ మీసం గాల్లో ఉండిపోయింది. తర్వాత అన్నీ ఒక్కసారి గెంతాయి, మళ్లీ ఆగాయి. నేను డబ్బా ఊడబీకి బాత్రూంలోకి పరిగెత్తాను. అప్పుడే తిన్న పెసరట్టు కూడా గెంతింది.

దాని కారణం తర్వాత తెలుసుకున్నాను. ఈ డబ్బా కళ్లని నమ్మించాలంటే కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు సెకనుకి తొంభై బొమ్మలు గియ్యాలి, వాటినే ఫ్రేములంటారు. నా కంప్యూటర్ అందులో సగం కూడా గియ్యలేక రొప్పేది. టీవీలో అయితే బొమ్మ ఆగితే మనం తిట్టుకుని ఊరుకుంటాం. ఇక్కడ తల కదిలి లోకం కదలకపోతే కడుపు ఊరుకోదు. నా తిప్పలు చూసి బావ ఆ సాయంత్రమే నాకు 'పాసింజరు బావ' అని పేరు పెట్టేశాడు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతానట. పెట్టి ఊరుకోలేదు, రేవు మీదున్న పరాయివాళ్లకి కూడా ఇంగ్లీషులో అర్థం చెప్పాడు. టోపీ ముసలాయన నన్ను చూడగానే నోటితో రైలు కూత వెయ్యడం మొదలెట్టాడు. నవ్వాను గానీ లోపల గుచ్చుకుంది. వీళ్లందరి మధ్యా నూనె రాసినట్టు నున్నగా నడిచి చూపించేదాకా నిద్రపోకూడదని పంతం పట్టాను. మా వైపు పంతానికి కారణం పెద్దదై ఉండనవసరం లేదు.

ఇక మొదలైంది యజ్ఞం. ఆఫీసు అయిపోగానే వీడియోలు చూసేవాణ్ణి. గ్రాఫిక్స్ కార్డుని నడిపించే ప్రోగ్రాము, అంటే డ్రైవర్, కొత్తది వెయ్యమని ఒక గురువు, కొత్తదే దరిద్రం, పాతది వెయ్యమని ఇంకో గురువు. ఇద్దరి మాటా విన్నాను, రెండు డ్రైవర్లూ కొట్టుకుని కంప్యూటర్ తెర నీలంగా మారి మూర్ఛపోయింది. వెనకాల నడిచే ప్రోగ్రాములన్నీ ఆపేశాను. ఆ ఊపులో ఆఫీసు వాళ్ల మెసేజీలు వచ్చే ప్రోగ్రాము కూడా ఆపేసి, మర్నాడు మేనేజరు చేత తిట్లు తిన్నాను. ప్రాసెసరుకి పూర్తి కరెంటు ఇచ్చే ఏర్పాటు పెట్టాను. కేబుల్ మార్చాను. కిటికీలోంచి ఎండ పడితే డబ్బాకి ఉన్న కెమెరాలు తికమకపడతాయన్నారని దుప్పటి కట్టాను. గది చీకటైంది, గాలి పోయింది, కంప్యూటర్ వేడెక్కింది. వేడెక్కిన కార్డు తనని తాను కాపాడుకోడానికి నెమ్మదిస్తుందని తెలిసి, కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి పిన్ని దగ్గర అరువు తెచ్చిన టేబుల్ ఫ్యాను పెట్టాను. అప్పుడు చీమలు వచ్చాయి. ఆ సందులో చీమలకి బెల్లం తిని తిని మొహం మొత్తి ఉంటుంది, వెచ్చగా పడుకోడానికి గ్రాఫిక్స్ కార్డు దొరికింది. పెయింటు బ్రష్షుతో వాటిని దులిపి, బాబాయి ఇచ్చిన పసుపుతో కంప్యూటర్ చుట్టూ గీత గీశాను. చూసినవాళ్లు ఆయుధపూజ అనుకునేవారు.

కొన్ని ఏర్పాట్లు ఫలించాయి కూడా. బొమ్మ స్పష్టత కొంచెం తగ్గిస్తే వేగం పెరిగింది. సముద్రం తడిసిన నీలం చీరలా కనిపించేది, అయినా కదిలేది. రెండు బొమ్మల మధ్య లేని బొమ్మని కంప్యూటర్ తనే ఊహించి అతికించే ఏర్పాటొకటి ఉంది, అది పెట్టాను. దాని ఊహ ఎలాంటిదంటే, బావ తల తిప్పినప్పుడల్లా మీసం ఒక చెంప మీద, మూతి ఇంకో చెంప మీద ఉండేవి. "ఏట్రా అలగ సూత్తన్నావు?" అనేవాడు వాడు. చెబితే పాసింజరుకి ఇంకో బోగీ తగిలిస్తాడని చెప్పలేదు. కంటికి ఓ మూల ఫ్రేముల అంకె కనిపించేలా పెట్టుకున్నాను. ఇక సముద్రం చూడటం మానేసి ఆ అంకె చూడటం మొదలెట్టాను. వాడు పక్కన కూర్చుని ఆఫీసు గొడవలు చెప్పేవాడు, వాళ్లమ్మ సంబంధాలు చూస్తోందనేవాడు, నేను "ఊఁ" కొడుతూ అంకె పెరిగిందా తగ్గిందా అని చూసుకునేవాణ్ణి. నా గాలానికి చేప పడితే పట్టించుకునేవాణ్ణి కాదు గానీ, అంకె పడితే ప్రాణం పోయేది.

ఈ వరసలోనే పిన్ని నాకు దిష్టి తీసింది. సాయంత్రం వేళ, ఉక్కగా ఉందని తలుపు ఓరగా వేసుకుని రేవు మీదున్నాను. ఎండబెట్టిన బట్టలు తీసుకోడానికి పిన్ని మేడ మీదికొచ్చి లోపలికి తొంగిచూసింది. ఆవిడకి కనిపించింది ఏమిటి? చీకటి గదిలో, పసుపు గీత పక్కన, మొహానికి నల్లడబ్బా కట్టుకున్న కుర్రాడు గాల్లోకి చేతులు విసురుతూ, "బావా, నీళ్లు కదలట్లేదురా! నువ్వూ కదలట్లేదు! సచ్చిపోయేవేట్రా?" అని అరుస్తున్నాడు. గదిలో బావ లేడు. ఆవిడ బట్టలు అక్కడే పడేసి కిందికి పరిగెత్తింది. ఇదేమీ నాకు తెలియదు. కాసేపటికి ఘాటుగా, మాడుతున్న వాసన ముక్కుకి తగిలింది. వారం రోజులుగా నాకున్న భయమల్లా ఒకటే, కార్డు కాలిపోతుందని. "కాలిపోయింది! కాలిపోయింది!" అని ప్లగ్గు పీకడానికి దూకాను. కాలికి కేబుల్ చుట్టుకుంది, హెడ్‌సెట్ ఊడింది, నేను వెళ్లి సరాసరి పిన్ని కాళ్ల మీద పడ్డాను. ఆవిడ చేతిలో కుంపటి, కుంపట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ. వెనకాల బాబాయి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అదిగో, ఒదిలీసింది!" అంది పిన్ని ఊపిరి పీల్చుకుని. "కాళ్ల మీద పడ్డాదంటే ఒదిలీసినట్టే."

"పిన్నీ, ఇది ఆట. సాయంత్రం పూట ఆడుకుంటాను," అన్నాను దగ్గుతూ.

"ఆటైతే జట్టేరీ? ఒక్కడివీ ఏటాడతావు నాయనా?" అంది ఆవిడ. "ఒంటరిగున్నోడికే గాలి సోకుతాది. రేపట్నుంచి రాత్రిపూట కింద తిను."

బాబాయి మాత్రం దగ్గుతూనే, "ఇంత ఘాటొచ్చిందంటే అసల దిష్టే నేదే. దిష్టుంటే మిరగాయ కోరు రాదు గదా," అన్నాడు. పిన్ని ఆయన వంక చూసిన చూపుకి కుంపటి చల్లారిపోయింది. నేలమీద పడున్న హెడ్‌సెట్‌లోంచి బావ గొంతు సన్నగా వినిపిస్తోంది, "ఎవుర్రా అది? ఎవుర్రా ఆవిడ? బావా, ఉన్నావా, పోనావా?" అని. అది విని పిన్ని ఇంకో రెండు మిరపకాయలు వేసింది. మర్నాడు నన్ను భోజనానికి పిలిచింది. మీటింగుందని చెప్పాను. తర్వాత రెండు మూడు సార్లు పిలిచింది. ఆ టైములో నాకు ఎప్పుడూ మీటింగే.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. ఒక సెలవురోజు పొద్దున్నే ఒక కొత్త గురువు దొరికాడు. అతని సిద్ధాంతం సులువు. ఆటలోని సెట్టింగ్స్‌లో పక్కకి జరిపే మీటలు వరసగా ఉంటాయి. కుడికి లాగితే అందం, ఎడమకి లాగితే వేగం. రెండూ కావాలనుకునేవాడు మూర్ఖుడు. నేను మూర్ఖుణ్ణి కాదు కనుక అన్నీ ఎడమకి లాగేశాను. నీడలు పోయాయి. మేఘాలు పోయాయి. నీళ్లలో మెరుపు, దూరపు కొండలు, రేవు చివర చెట్టు, దాని మీద పక్షి, అన్నీ ఎడమకే. చదవడం కూడా మానేసి, పొలంలో కలుపు పీకినట్టు చకచకా లాగుతూ పోయాను. ఆ వరసలో 'చుట్టూ ఉన్నవాళ్లు' అని ఒకటుంది. దాన్నీ లాగేశాను. (కింద చిన్న అక్షరాల్లో, కనిపించనివాళ్ల మాట కూడా వినిపించదని రాసి ఉందట. కలుపు పీకేవాడు చిన్న అక్షరాలు చదవడు.) డబ్బా పెట్టుకుని చూద్దును గదా, అంకె తొంభై! కదలదు, మెదలదు, తొంభై! తల గిర్రున తిప్పాను, లోకం నాతోపాటే గిర్రున తిరిగింది. కడుపులో చల్లగా ఉంది. రేవు ఈ చివర నుంచి ఆ చివరకి ముహూర్తం దాటిపోతున్న పెళ్లికొడుకులా నడిచాను. చూడ్డానికి మాత్రం ఎవరూ లేరు. పొద్దున్నే కదా, అనుకున్నాను.

సాయంత్రం కూడా ఎవరూ లేరు. మర్నాడూ లేరు. టోపీ ముసలాయన లేడు, కూత లేదు. బావ లేడు. ఆట పాతబడిపోయి అందరూ వేరే ఆటకి వెళ్లిపోయారేమో అనుకున్నాను. లేక పాసింజరుతో విసిగిపోయి, నాకు చెప్పకుండా ఇంకో రేవుకి మకాం మార్చారేమో. బావ ఉండి కూడా నాకు చెప్పలేదా? ఫోన్ చేసి అడగొచ్చు. చెయ్యలేదు. వాడు మానేసినప్పుడు వాడే చెయ్యాలి గదా! కొన్నాళ్లకి వాడి దగ్గర్నుంచి ఒక మెసేజీ వచ్చింది: "కోపమేటి బావా?" రేవుకి రావడం మానేసి, పైగా నాకే కోపమా అని అడుగుతున్నాడు! "నాకేటి కోపం. బాగానే ఉన్నాను," అని రాసి పడేశాను. తర్వాత వాడు ఇంకేమీ రాయలేదు. నేను మాత్రం రోజూ వెళ్లేవాణ్ణి. మేఘం లేని ఆకాశం, నీడ లేని రేవు, తొంభై ఫ్రేముల సముద్రం. రేవు అంచున కూర్చుని గాలం వేసేవాణ్ణి. విసుగొస్తే గాలం పక్కకి గిరాటేసి లేచిపోయేవాణ్ణి. డబ్బా తీశాక కింద బెల్లం లారీల చప్పుడు, పిన్నివాళ్ల టీవీ చప్పుడు వినిపించేవి. ఆ వారాల్లో మొట్టమొదటిసారి అర్థమైంది, ఇది గ్రాఫిక్స్ కార్డు వల్ల వస్తున్న బరువు కాదని. బావ మీద బెంగ పెట్టుకున్నానని ఒప్పుకోవడానికి సిగ్గేసి, ఆ డబ్బా కాసేపు మొహానికలాగే ఉంచుకునేవాణ్ణి. లోపలి స్పాంజికి తడి పీల్చుకునే గుణం ఉంది.

ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే బావ. నిజం బావ, పొడుగు బావ, గుమ్మానికి తల తగలకుండా వంగి నిలబడ్డాడు. ఒక చేతిలో మాడుగుల హల్వా పొట్లం, ఇంకో చేతిలో మూలలకి పసుపు రాసిన శుభలేఖల సంచి. నేను మాట్లాడేలోగా శుభలేఖ రెండు చేతులతో అందించి, ఎటో చూస్తూ, "తమరు పెళ్లికి తప్పకుండా రావాలి," అన్నాడు.

తమరు! ఒకే బకెట్టుతో స్నానాలు చేసినవాడు నన్ను తమరన్నాడు. లెంపకాయ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

"పెళ్లా? నీకా? నాకు ఒక్క మాటైనా సెప్పేవేట్రా?" అన్నాను.

వాడు అప్పుడు నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సెప్పలేదా? అందరికంటే ముందు నీకే సెప్పేను. మా అమ్మేటంది? సావుకబురు ఫోన్లో సెప్తారు గానీ, సుబకార్యం కబురు ఫోన్లో ఏట్రా, ఎదురుగా కూకుని సెప్పాల అంది. పూణే నుంచి అప్పుటికప్పుడు ఎలగొత్తాను? అందుకని రేవు కాడికొచ్చేను. అప్పుటికి ఎన్నాళ్ల నుంచో నువ్వు పలకటం మానీసేవు. పిలిత్తే సూడవు. పాసింజరన్నానని కోపమేమో అనుకున్నాను. ఈ కబురింటే కోపం పోద్దిలే అని నీ పక్కన కూకుని మొత్తం సెప్పేను. పిల్ల పేరు సెప్పేను. ఏటి సదివిందో సెప్పేను. అంతా ఇన్నావు. ఇని, గాలం నా మొకమ్మీదికి గిరాటేసి, లెగిసి ఎల్లిపోనావు."

వాణ్ణి లోపలికి లాగి, కంప్యూటర్ పెట్టి, డబ్బా వాడికి తగిలించాను. "ఎవరున్నారో సూడు," అన్నాను. వాడు తల అటూ ఇటూ తిప్పాడు. "ఎవుళ్లూ లేరేట్రా? ఆదివారం పూట రేవు నిండిపోతాది గదా," అన్నాడు. తర్వాత చేత్తో గాల్లో సెట్టింగ్స్ తెరిచి, వరసగా వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత ఆ నవ్వు వచ్చింది, హాస్టల్లో పక్క గదివాళ్లని లేపే నవ్వు. కింద నుంచి పిన్ని "ఏటయ్యింది నాయనా?" అని కేకేసింది. (కుంపటి ఎక్కడుందో వెతుక్కుంటోందని నాకనుమానం.) "ఒరే బావా! ఫ్రేముల కోసం నన్ను ఆపీసేవురా! మనుసుల్ని సున్నా సేసీసి, ఎవుళ్లూ రాలేదని కూకున్నావా?" అంటూ కళ్లు తుడుచుకోబోయి డబ్బా తుడుచుకున్నాడు.

డబ్బా తీసి నాకు పెట్టాడు. మీట పట్టుకుని నెమ్మదిగా కుడికి లాగాను. టోపీ ముసలాయన కనిపించాడు, నాకు అడుగు దూరంలో. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. రేవంతా మనుషులే. నా రెండు పక్కలా కూర్చుని ఉన్నారు. ఇన్నాళ్లూ నేను కూర్చునే చోటు చుట్టూ, నేను గాలం విసిరే దారికి కొంచెం ఎడంగా జరిగి, కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. నేను తల తిప్పి చూడటం చూసి టోపీ ముసలాయన ఒక్క క్షణం ఆగి, రైలు కూత వేశాడు. అంకె తొంభై నుంచి జారి జారి ఎక్కడికో పోయింది. సముద్రం ఆగింది. నా కడుపు తిరిగింది. నాకు అంత సుఖంగా ఎప్పుడూ లేదు.

"పిల్ల పేరేటన్నావురా?" అని అడిగాను డబ్బా తీసి.

"మళ్లీ ఎలగ సెప్తాను? మొదటిసారి సెప్పటం ఒక్కసారే ఉంటాది," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. దానికి నా దగ్గర ఏ సెట్టింగూ లేదు. వాడే నా చెయ్యి పట్టి నేల మీద కూర్చోబెట్టాడు. తనూ పక్కన కూర్చుని, కిటికీకి కట్టిన దుప్పటి వైపు చూస్తూ, అదే సముద్రమైనట్టు కాళ్లు చాపుకున్నాడు. "ఒరే బావా, నాకు పిల్ల కుదిరిందిరా. ముందు నీకే సెప్తన్నాను," అన్నాడు. అప్పటికి మాడుగుల మొత్తానికి శుభలేఖలు పంచడం అయిపోయింది. అయినా నేను అప్పుడే విన్నట్టు ఎగిరి గంతేశాను. తర్వాత ఇద్దరం కిందికి దిగి పిన్నికి హల్వా పెట్టాం. ఆ రోజు డబ్బాలోంచి మాట్లాడిన బావ ఇతనేనని చెబితే ఆవిడ వాణ్ణి కిందనుంచి పైదాకా చూసి, "మనిసేనా, నిజంగా?" అని చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది. ఆ రోజు ఇద్దరికీ అక్కడే భోజనం. ఆవిడ వండిన ఆనపకాయ పులుసు అంత బాగుంటుందని అన్నాళ్లూ నాకు తెలియకపోవడం మీటింగుల పుణ్యమే.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. బావకి ఇప్పుడు ఒక కూతురు, సాయంత్రం పూట హోంవర్కులు. వాడి డబ్బా బీరువా మీద ఉందట, కిందకి దింపితే పిల్ల విరగ్గొడుతుందని. పండగలకి ఫోన్ చేసుకుంటాం. తిన్నావా, తిన్నాను. నేను అనకాపల్లిలోనే వేరే వీధికి మారాను, అక్కడ బెల్లం వాసన రాదు. కంప్యూటర్ మంచిది కొనుక్కున్నాను. ఇప్పుడు మీటలన్నీ కుడివైపే ఉన్నాయి. మేఘాలున్నాయి, మేఘాల నీడలు నీళ్లలో కదులుతాయి, రేవు చివర చెట్టు మీద ఆ పక్షి ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు, అయినా అంకె తొంభై నుంచి కదలదు. ఆ రోజుల్లో నేను కోరుకున్నదంతా ఇదే. ఒక్కోసారి ఆఫీసయ్యాక వెళ్లి రేవు అంచున కూర్చుంటాను. ఆటలు మారాయి, జనం కొత్త ఆటలకి వెళ్లిపోయారు. టోపీ ముసలాయన ఏమయ్యాడో తెలియదు, ఎక్కడివాడో ఎప్పుడూ అడగలేదు. పసుపు గీత మధ్య కూర్చుని పంతం పట్టిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. వాడి ఒంటరితనానికి ఒక కారణం ఉండేది, అది కుడికి లాగితే పోయింది. నేను మాత్రం గాలం వేసి కాసేపు కూర్చుంటాను. లేచొచ్చే ముందు ఒకసారి సెట్టింగ్స్ తెరిచి చూస్తాను, మీట ఏమైనా పొరపాటున ఎడమకి జరిగిందేమోనని.